ముందు లైను, తర్వాత రీలు, ఆ తర్వాతే రాడ్డు

సముద్రంలో గాలం వేయడానికి మొదటిసారి బయల్దేరేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ఏ రాడ్డు కొనమంటారు?" దుకాణంలో కంటికి ముందు ఆనేది రాడ్డే మరి. చేతిలోకి తీసుకుని ఊపి చూడొచ్చు, మొన వంచి చూడొచ్చు. అందుకే ముందు రాడ్డు కొంటారు. తర్వాత దానికి నప్పుతుందని పెట్టె మీద పెద్ద అంకె ఉన్న రీలు ఒకటి తీసుకుంటారు. లైను సంగతి ఆఖర్న, చేతిలో డబ్బులు అయిపోయాక గుర్తొస్తుంది. నేనూ మొదట్లో ఇలాగే కొన్నాను. ఇన్నేళ్ల వేట తర్వాత నేను గట్టిగా నమ్మేది ఏమిటంటే, ఈ వరస పూర్తిగా తలకిందులు. ముందు లైను తేల్చుకోవాలి. లైను తేలితే డ్రాగు, అంటే చేప లాగినప్పుడు లైనును బిగువుగా వదిలే రీలులోని బ్రేకు, ఎంత ఉండాలో తేలుతుంది; డ్రాగు తేలితే రీలు తేలుతుంది. రాడ్డు వీటన్నిటి వెనకాల వస్తుంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. కొన్నేళ్ల కిందట పడవ మీద, అడుగున రాళ్లు గానీ పాచి గానీ లేని చోట, పాపర్ అనే తేలే బొమ్మ ఎరను నీటి మీద గుప్పుగుప్పు మనిపిస్తూ లాగుతున్నాను. 15 కిలోల దగ్గర తెగే బ్రెయిడ్, అంటే సన్నటి పోగులు అల్లిన లైను, కొత్తది. రీలు పెట్టె మీద 18 కిలోల డ్రాగు అని రాసి ఉంది. చేప పాపర్‌ను నోట కరుచుకుని కిందికి మళ్లింది. ఆ క్షణంలో రీలు నుంచి సన్నటి మోత రావాలి. రాలేదు. రాడ్డు మొన నీళ్ల దాకా వంగిపోయింది గానీ లైను చుట్టి ఉన్న స్పూలు కదల్లేదు. తర్వాత ఒక్కసారిగా గిర్రున రెండు చుట్లు తిరిగి ఆగింది. మళ్లీ తిరిగి మళ్లీ ఆగింది. మూడోసారి ఆగినప్పుడు రాడ్డు తటాలున నిటారుగా లేచింది, తెగిన లైను గాలిలో తేలుతూ నా వైపు వచ్చింది.

ఇంటికొచ్చాక డ్రాగును ముట్టుకోకుండా, లైను కొసకు స్ప్రింగు కాటా కట్టి మెల్లగా లాగాను. ముల్లు 5 దాటింది, 7 దాటింది, 9 దగ్గర స్పూలు కదిలింది. కదలగానే ముల్లు 5కి పడిపోయింది. లాగుతూ ఉంటే మళ్లీ ఎక్కడో పట్టుకుని 8కి ఎక్కింది. నేను 5 కిలోలనుకుని పెట్టుకున్న డ్రాగు, చేప పట్టిన మొదటి క్షణంలో 9 కిలోలన్నమాట. ముడి వేసిన చోట 15 కిలోల లైను 15 కిలోలు మోయదు. దానికి చేప తల విదిలింపు తోడైతే ఇక ఏం మిగులుతుంది? రీలు విప్పి చూస్తే లోపలి ఫెల్టు వాషర్లు అట్టముక్కల్లా అణిగిపోయి గట్టిపడి ఉన్నాయి. అంతకు ముందు ఆరు నెలలు డ్రాగు బిగించే అల్మరాలో పెట్టాను. అది నా పొరపాటు. అంతకన్నా పెద్ద పొరపాటు కొన్నరోజే జరిగింది. 18 అనే అంకె చూశాను గానీ, ఆ స్పూలు ఎలా కదలడం మొదలుపెడుతుందో లాగి చూడలేదు.

ఆగి ఉన్న బండిని కదిలించడం కష్టం, కదిలాక తోయడం తేలిక. డ్రాగు లోపలి పలకల మధ్య రాపిడి కూడా అంతే. మంచి డ్రాగులో ఈ రెండిటికీ మధ్య తేడా చేతికి దాదాపు తెలియదు. నాసి డ్రాగులో ఆ తేడా లైనును తెంపుతుంది. కార్బన్ ఫైబర్ వాషర్లు ఈ విషయంలో ఫెల్టు కన్నా నమ్మదగినవి. చేప చాలాసేపు పరుగెత్తితే పుట్టే వేడిని కూడా అవి బాగా తట్టుకుంటాయి. కొనేముందు దుకాణంలోనే డ్రాగును సగం బిగించి, స్పూలును చేత్తో చాలా నెమ్మదిగా తిప్పి చూడండి. నత్త నడకలా తిప్పినప్పుడు కూడా ఎక్కడా అతుక్కోకుండా జారితే ఆ రీలు గురించి ఇంకో మాట మాట్లాడొచ్చు. అతుక్కుని వదులుతూ తిరిగితే పెట్టె మీద ఏ అంకె ఉన్నా పక్కన పెట్టేయండి.

సముద్రపు గాలం వేట చరిత్ర చాలావరకు ఈ డ్రాగు చుట్టూనే తిరిగింది. 1898లో కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా ఉన్న శాంటా కాటలీనా దీవి దగ్గర చార్ల్స్ ఫ్రెడరిక్ హోల్డర్ 183 పౌండ్ల ట్యూనాను గాలంతో పట్టి, అదే ఏడాది ఆ దీవిలోని అవలాన్‌లో ట్యూనా క్లబ్ పెట్టాడు. అప్పటి రీళ్లలో ఇప్పటి డ్రాగు లేదు. చేప పరుగెత్తితే హ్యాండిల్ కూడా వెనక్కి గిర్రున తిరిగేది, వేళ్లు విరిగేవి. స్పూలు మీద తోలు ముక్క పెట్టి బొటనవేలితో అదిమి ఆపడమే దారి. విలియం బోషన్ అనే వేటగాడి ఆలోచనను జూలియస్ వోమ్ హోఫ్ అనే రీళ్ల తయారీదారు పనిలో పెట్టి, డ్రాగును రీలు లోపలికే తెచ్చాడు. హ్యాండిల్ వెనక్కి తిరగడం ఆగింది. 1913లో బోషన్ అలాంటి రీలుతోనే బ్రాడ్‌బిల్ కత్తిచేపను పట్టాడు. రాడ్డూ రీలుతో ఆ చేపను పట్టడం అదే మొదలు. ఇప్పుడు మన చేతిలో ఉన్న ప్రతి సముద్రపు రీలూ ఆ ఆలోచనకు వారసురాలే.

ఇక లైను. రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది. మీరు పట్టాలనుకుంటున్న చేప ఎటు పారిపోతుంది? అది పారిపోయే దారిలో ఏముంది? ట్యూనా లాంటిది ఖాళీ నీళ్లలో దూరం పరుగెడుతుంది. దాన్ని ఆపనక్కర్లేదు, పరిగెత్తనివ్వాలి. కాబట్టి లైను మరీ లావుగా ఉండక్కర్లేదు, పొడవు కావాలి. గ్రూపర్ అలా కాదు, కొట్టీ కొట్టగానే రాతి గుహలోకి దూరాలని చూస్తుంది. అక్కడ మొదటి మూడు నాలుగు మీటర్లలోనే ఆపాలి, లైనులో బలం కావాలి. చేప బరువును బట్టి లైను కొనమనే సలహా నాకు నచ్చదు. 1953 ఆగస్టు 4న పెరూలోని కాబో బ్లాంకో దగ్గర ఆల్‌ఫ్రెడ్ గ్లాసెల్ పట్టిన నల్ల మార్లిన్ బరువు 1,560 పౌండ్లు, అంటే 707 కిలోల పైమాటే. 1939లో ఏర్పడిన అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం రికార్డుల్లో అది ఇవాళ్టికీ నిలిచి ఉంది. ఆ సంఘం ఒప్పుకునే అన్నిటికన్నా బరువైన లైను తరగతి 60 కిలోలు. దాదాపు పన్నెండో వంతే ఉన్న లైను అంత చేపను ఎలా నిలబెట్టింది? తెగేంత బరువు లైను మీద ఎప్పుడూ పడనివ్వకపోవడం వల్ల. ఆ పని డ్రాగుది, పడవ నడిపేవాడిది, రాడ్డు పట్టినవాడిది.

ఒంటి పోగు మోనోనా, అల్లిన బ్రెయిడా అనే చర్చ చాలా చోట్ల మతం స్థాయికి వెళ్లింది. నా లెక్క ఇది. 20 కిలోల నైలాన్ మోనో మందం సుమారు 0.6 మిల్లీమీటర్లు. అంతే బలమున్న బ్రెయిడ్ 0.3 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. మందం సగమైతే అదే స్పూలులో నాలుగింతల పొడవు పడుతుంది. అంటే బ్రెయిడ్ వాడితే చిన్న రీలు సరిపోతుంది, రోజంతా విసిరే చేతికి ఆ తేడా చిన్నది కాదు. కానీ మోనో తెగేముందు ఐదో వంతు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సాగుతుంది. చేప విదిలింపును ఆ సాగుడే మింగేస్తుంది. బ్రెయిడ్ అలా సాగదు. డ్రాగులో తత్తరపాటు ఉంటే మోనో కొంతవరకు క్షమిస్తుంది, బ్రెయిడ్ క్షమించదు. పడవ వెనక ఎర లాగే ట్రోలింగ్‌కు మోనో, విసరడానికీ లోతులో జిగ్ అనే బరువైన లోహపు ఎరను ఆడించడానికీ బ్రెయిడ్ అని నేను స్థిరపడ్డాను. బ్రెయిడ్‌ను నున్నటి స్పూలు మీద నేరుగా చుట్టకండి, మొత్తం చుట్టే జారి తిరుగుతుంది. అడుగున కొన్ని చుట్లు మోనో వేసి దాని మీద చుట్టండి.

లైను తేలాక డ్రాగు లెక్క తేలికే. లైను తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు. 15 కిలోల లైనుకు 4 నుంచి 5 కిలోలు, 24 కిలోల లైనుకు 6 నుంచి 8. చేతి అంచనాతో కాదు, కాటాతో పెట్టాలి. మరి మిగతా మూడింట రెండు వంతుల బలం దేనికి అంటే, దాన్ని తినేవి చాలా ఉన్నాయి. ముడి కొంత తింటుంది. రాడ్డు పొడవునా లైను దూరే ఉంగరాలు, అంటే గైడుల మీద రాపిడి కొంత తింటుంది. చాలామంది పట్టించుకోనిది మూడోది: లైను బయటికి పోయేకొద్దీ స్పూలు చిక్కిపోతుంది. నిండుగా ఉన్నప్పుడు చుట్టు వ్యాసం 60 మిల్లీమీటర్లనుకోండి. చేప పరుగెత్తి అది 40కి పడితే, మీరు డ్రాగు నాబ్ ముట్టుకోకపోయినా లైను మీద లాగుడు ఒకటిన్నర రెట్లవుతుంది. 5 కిలోలు ఏడున్నర. దూరాన నీటిలో వంపు తిరిగిన లైనును నీరే వెనక్కి లాగుతుంది, అది అదనం. అందుకే చేప దూరం పోయినప్పుడు డ్రాగు కొంచెం వదులు చేయాలి. భయంతో అప్పుడే ఇంకాస్త బిగించేవాళ్లను ఎంతమందిని చూశానో. సరిగ్గా ఆ తర్వాతి నిమిషంలోనే లైను తెగుతుంది.

ఇక పెట్టె మీది 20 కిలోల డ్రాగు సంగతి. 2.1 మీటర్ల రాడ్డు మొదలు పొట్టకు ఆనించి, పై చేత్తో 60 సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నారనుకుందాం. రాడ్డు మీటకర్ర లాంటిది. లైను అడ్డంగా లాగుతుంటే, మొన మీద పడే ప్రతి కిలోకూ మీ చేతి మీద మూడున్నర కిలోలు పడతాయి. 20 కిలోలంటే 70. రాడ్డు వంగితే మీటకర్ర పొడవు తగ్గుతుంది కాబట్టి నిజంగా అంత పడదు. సగమే పడుతుందనుకున్నా 35 కిలోలు, ఊగుతున్న పడవ మీద, అరగంట సేపు. నడుం పట్టీలు, భుజం పట్టీలు లేకుండా ఎవరి వల్ల అవుతుంది? నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఆ అంకెకు అసలు విలువ లేదని కాదు. 20 కిలోలు తట్టుకునే రీలు 7 కిలోల దగ్గర నిమ్మళంగా, వేడెక్కకుండా నడుస్తుంది, దాని చట్రం వంగదు. అలా చూసి కొంటే తప్పు లేదు. ఎంత పెద్ద అంకె ఉంటే అంత పెద్ద చేప పడుతుందని కొనడమే తప్పు.

రీళ్లలో స్పిన్నింగ్ రీలా, స్పూలే తిరుగుతూ రాడ్డు పైన కూర్చునే మల్టిప్లయరా అంటే, ప్రయాణానికి ఒక్కటే తీసుకెళ్లగలిగితే స్పిన్నింగ్ అంటాను. 1905లో ఆల్‌ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ పేటెంట్ తీసుకున్న కదలని స్పూలు ఆలోచన నేత మిల్లుల్లోని దారపు కండెల నుంచి పుట్టింది. స్పూలు తిరగకుండా లైను కొస మీంచి జారిపోతుంది కాబట్టి ఎదురుగాలిలో విసిరినా చిక్కు పడదు, తేలికైన లూర్ (బొమ్మ ఎర) కూడా దూరం పోతుంది. హ్యాండిల్‌ను ఎటు చేతికైనా మార్చుకోవచ్చు. ఒక్క అలవాటు మాత్రం మానుకోవాలి. చేప లైను లాక్కుపోతూ డ్రాగు మోగుతుంటే హ్యాండిల్ తిప్పకూడదు. గేరు 6కి 1 ఉన్న, అంటే హ్యాండిల్ ఒక చుట్టుకు లోపల ఆరు చుట్లు తిరిగే రీలులో అలా తిప్పిన ప్రతి చుట్టుకూ లైనులో ఆరు మెలికలు పడతాయి. పూట గడిచేసరికి లైను ఉంగరాలు చుట్టుకుంటుంది.

లోతైన నీళ్లలో అడుగు నుంచి బరువు పైకి తేవాలన్నా, ట్రోలింగ్ చేయాలన్నా మల్టిప్లయర్‌కు సాటి లేదు. లైను నేరుగా స్పూలు మీదికి వస్తుంది, మూల తిరగదు. వీటిలో లీవర్ డ్రాగు నాకు ఇష్టం. కాటాతో ఒకసారి లీవర్ మీది స్ట్రైక్ గుర్తు దగ్గర 7 కిలోలు పెట్టుకుంటే, చేపతో పోరాడుతూ కూడా వేలితో లీవర్ జరిపి వదులు చేసి, మళ్లీ సరిగ్గా ఆ 7 దగ్గరికే రావచ్చు. హ్యాండిల్ పక్కన నక్షత్రం ఆకారపు చక్రంతో బిగించే స్టార్ డ్రాగులో ఆ గుర్తు ఉండదు. అయితే స్టార్ డ్రాగు రీలు తేలిక, ధర తక్కువ, అడుగు వేటకు దిట్టంగా పనిచేస్తుంది.

గేరు అంకెల గురించి ఎక్కువ చెప్పను. 6కి 1 గేరుతో, 60 మిల్లీమీటర్ల చుట్టు మీద ఒక్క తిప్పుకు 113 సెంటీమీటర్ల లైను లోపలికి వస్తుంది, 40కి చిక్కిపోతే 75. వేగంగా లాగాల్సిన లూర్లకు అది కావాలి. బరువును తోడాలంటే 4కి 1 దగ్గరి గేరే చేతికి హాయి. రీళ్ల సైజు అంకెలకు మాత్రం ఉమ్మడి ప్రమాణమంటూ లేదు. ఒక కంపెనీ 6000, ఇంకో కంపెనీ 6000 పక్కపక్కన పెడితే వేరే వేరే రీళ్లు. ఎన్ని మీటర్లు, ఎంత మందం లైను పడుతుందో అది చూడండి.

అంకెల్లో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది బేరింగుల సంఖ్య. "12 బేరింగులు" అని గొప్పగా రాస్తారు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు ఉండిపోతుంది. ఆ ఉప్పు గాలిలో తేమను పీల్చుకుని మళ్లీ తడుస్తుంది. అంటే రీలు సంచిలో పడుకుని ఉన్నా లోపల తినడం ఆగదు. అల్యూమినియం ఒంట్లో స్టెయిన్‌లెస్ స్టీలు మర బిగించిన చోట ఉప్పునీరు చేరితే రెండు లోహాల మధ్య సన్నటి విద్యుత్తు నడుస్తుంది, అల్యూమినియం అరిగిపోతుంది. మర తల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అదే. ఉప్పునీటికి తెరిచి ఉంచిన ప్రతి బేరింగూ ఉప్పు చేరడానికి ఇంకో గది. సీలు బాగున్న ఐదారు బేరింగుల రీలు, సీలు లేని పన్నెండింటి కన్నా ఎన్నో రెట్లు మేలు.

స్పిన్నింగ్ రీలులో ముందుగా చచ్చిపోయేది లైన్ రోలర్. బెయిల్ తీగ చివర, లైను మూల తిరిగే చోట ఉండే గోరంత చక్రం అది. ప్రతి విసురుకూ తడి లైను దాని మీంచే లోపలికి వస్తుంది, ఉప్పును నేరుగా దానికే తాగిస్తుంది. దుకాణంలో ఎవరూ దాని వైపు చూడరు. ఒకసారి నా రీలులో అది బిగుసుకుపోయిన సంగతి లైనును చూశాక తెలిసింది. కొత్త బ్రెయిడ్ మీద ఒక వైపే నూగు లేచింది. భూతద్దంతో చూస్తే రోలర్ మీద వెంట్రుకంత గాడి. చక్రం తిరగడం మానేసింది, లైను దాన్ని రంపంలా కోస్తూ వచ్చింది. అప్పట్నుంచి ఏ స్పిన్నింగ్ రీలు కొన్నా మొదట ఆ రోలర్ విప్పడం ఎంత సులువో చూస్తాను. సీలు వేసిన రీళ్ల మీద రాసే, నీటిని ఎంత ఆపుతుందో చెప్పే ఐపీఎక్స్ గుర్తులను కూడా అర్థం చేసుకుని చదవాలి. 6 అంటే బలమైన నీటి ధారను తట్టుకుంటుంది, 7 అంటే మీటరు లోతులో అరగంట మునిగినా నీరు పోదు. ఆ పరీక్షలు మంచినీటితో చేసేవి. రబ్బరు సీలు ఇసుకకూ ఉప్పుకూ అరిగిపోతుంది, అరిగిన సీలు లోపలికి పోయిన నీటిని బయటికి రానివ్వదు కూడా. సీలు ఉంది కదా అని ఏళ్ల తరబడి విప్పకుండా వదిలేసిన రీళ్ల లోపల నేను చూసిన తుప్పు, సీలు లేని రీళ్లలో చూడలేదు.

ఇప్పుడు రాడ్డు. ఇక్కడికి వచ్చేసరికి సగం ప్రశ్నలకు జవాబు దొరికే ఉంటుంది. లైను 15 కిలోలైతే రాడ్డు మీద రాసిన లైను పరిధిలో ఆ 15 ఉండాలి, విసిరే లూర్ బరువు దాని మీది గ్రాముల పరిధిలో ఉండాలి. ఒడ్డు నుంచి విసిరేందుకు 3 నుంచి 4 మీటర్ల రాడ్డు కావాలి. దూరానికే కాదు, విరిగే అలల మీంచి లైనును ఎత్తి ఉంచడానికి కూడా. పడవ మీద అదే పొడవు మీ నడుం విరుస్తుంది. ఇందాకటి మీటకర్ర లెక్క గుర్తుందిగా. పాపర్ విసిరేందుకు 2.3 మీటర్ల దగ్గర, జిగ్ ఆడించేందుకు 1.6 నుంచి 1.9. కార్బన్ రాడ్డు తేలిక, చేప ముట్టిన సంగతి చేతికి వెంటనే చెబుతుంది. కానీ చేపను పడవ పక్కకు తెచ్చాక రాడ్డును నిటారుగా ఎత్తితే బరువంతా మొన దగ్గరి సన్నటి చోట పడి పుటుక్కున విరుగుతుంది. గాజునార రాడ్డు బరువు, మొద్దు. కానీ తప్పులు చాలా ఓర్చుకుంటుంది. ట్రోలింగ్‌కూ, కొత్తగా నేర్చుకునేవాళ్లకూ రెండూ కలిపి చేసిన రాడ్డు ఇస్తాను.

రాడ్డులో అన్నిటికన్నా జాగ్రత్తగా నేను చూసేది గైడు ఉంగరాలు. సిలికాన్ కార్బైడ్ లాంటి గట్టి ఉంగరమైతే బ్రెయిడ్‌కు అరగదు. మెత్తటి లోహపు ఉంగరాన్ని తడి బ్రెయిడ్ కోసేస్తుంది. ప్రతి ప్రయాణానికి ముందూ దూదిపుల్లతో ఒక్కో ఉంగరం లోపలి అంచు తుడుస్తాను. ఎక్కడైనా దూది పోగు పట్టుకుందంటే అక్కడ కంటికి కనపడని బీట ఉన్నట్టే. ప్రయాణానికి మూడు నాలుగు ముక్కల రాడ్డు తీసుకెళ్తే చులకనగా చూసేవాళ్లు ఉన్నారు. ఆ చిన్నచూపుకు కాలం చెల్లింది. ఇప్పటి మంచి ట్రావెల్ రాడ్లు వంపులో ఒంటి ముక్క రాడ్లకు చాలా దగ్గరగా వస్తాయి. సంచిలో సురక్షితంగా చేరిన నాలుగు ముక్కలు, సామాన్ల గదిలో మొన విరిగిన ఒంటి ముక్క కన్నా మేలు కదా. కీళ్లకు కొంచెం మైనం రాసి, విసురుతున్న రోజు గంటకోసారి బిగుతు చూసుకుంటే చాలు.

ఇప్పుడు నేను రెండు సెట్లకు మించి తీసుకెళ్లను. ఒకటి 15 కిలోల బ్రెయిడ్‌తో స్పిన్నింగ్, ఇంకొకటి 24 కిలోల లైనుతో, వెళ్లే చోటును బట్టి లీవర్ డ్రాగు గానీ పెద్ద స్పిన్నింగ్ గానీ. రీళ్లు చేతి సంచిలో, లైను చుట్టిన అదనపు స్పూలు ఒకటి, మొన గైడు ఒకటి, దాన్ని అతికించే మైనపు జిగురు ముక్క, స్ప్రింగు కాటా. పడవ కదిలేముందు కాటాకు లైను కట్టి లాగుతాను, మొదలయ్యే అంకె, నడిచే అంకె రెండూ చూస్తాను. సాయంత్రం తిరిగొచ్చాక డ్రాగు బిగించి, సన్నటి మంచినీటి ధార కింద రీలును కడుగుతాను. గట్టిగా కొట్టే ధార వద్దు, అది ఉప్పును లోపలికి తోస్తుంది. తుడిచి, లైన్ రోలర్‌కు ఒక్క చుక్క నూనె వేసి, అది వేలికి తిరుగుతోందో లేదో చూసి, అప్పుడు డ్రాగు పూర్తిగా వదులు చేసి పెడతాను.